డెల్టా ఆకాశంలో కంటితో ఇంకా బాగా చూడటం ఎలా? (8 అంగుళాల డాబ్సోనియన్)

రాజోలు_రాత్రి

అందరికీ నమస్కారం. నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోపు) ఉంది. ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ., ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు) 25 మి.మీ., 10 మి.మీ. మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరి తోటలు కాబట్టి డాబా ఎక్కితే తప్ప ఆకాశం దొరకదు. ఒకవైపు రోడ్డు మీద ఎల్‌ఈడీ లైటు, ఇంకోవైపు రొయ్యల చెరువుల లైట్లు.

చంద్రుడు, గురుడు, శని చాలా బాగా కనిపిస్తున్నారు. ఇంట్లోవాళ్ళంతా చూసి సంబరపడ్డారు. నా బాధంతా గెలాక్సీలతో. ఎం51 అనే గెలాక్సీ పెడితే పక్కపక్కన రెండు మసక మచ్చలు, అంతే. ఇదే సైజు టెలిస్కోపుతో చూసి దాని మెలికలు తిరిగిన చేతులు (సుడి పాయలు) గీసినవాళ్ళు ఉన్నారు, ఆ బొమ్మలు ఇంటర్నెట్లో చూశాను. స్నేహితులేమో పెద్ద టెలిస్కోపు కొనమంటున్నారు, లేదా కెమెరా తగిలించమంటున్నారు. నేను అడిగేది అది కాదు. ఇదే టెలిస్కోపు, ఇవే కళ్ళు, ఇదే ఊరు. సాధన చేస్తే ఇప్పటికన్నా ఎక్కువ కనిపిస్తుందా? కనిపిస్తుందంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏటిగట్టు_మేష్టారు (అమలాపురం)

కనిపిస్తుంది బాబూ, సందేహం అక్కర్లేదు. యురేనస్‌ని కనిపెట్టిన మరుసటి ఏడు, 1782లో, విలియం హెర్షెల్ ఒక ఉత్తరంలో చూడటం కూడా నేర్చుకోవలసిన విద్యేనని రాశాడు. ఆయన వాడుతున్న పవర్లను (ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్న లెక్క) చాలామంది నమ్మని రోజులవి.

ముందు చీకటి సంగతి. చీకట్లోకి రాగానే కంటిపాప కొన్ని సెకన్లలోనే పెద్దదవుతుంది. కన్ను సిద్ధమైపోయిందని మనం అక్కడే అనుకుంటాం. అసలు పని రెటీనాలో జరగాలి. అక్కడి దండ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విడిపోతుంది, చీకట్లో మెల్లగా మళ్ళీ తయారవుతుంది. అందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత కూడా కొద్దికొద్దిగా మెరుగవుతూనే ఉంటుంది. మధ్యలో ఒక్కసారి వాట్సాప్ తెరిచావంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్ర లైటు వాడమనేది దండ కణాలు ఎరుపుకి దాదాపుగా స్పందించవు కాబట్టి. అదైనా మసకగా ఉండాలి. మ్యాపులో గీతలు కష్టం మీద కనిపించేంత చాలు.

రెండోది పక్కచూపు. రెటీనా నడిమధ్యలో శంకు కణాలే ఉంటాయి, వాటికి చీకట్లో పని లేదు. దండ కణాలు దాని చుట్టూ ఉంటాయి. అందుకే మసక వస్తువుని సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకి చూస్తే ప్రత్యక్షమవుతుంది. ఎటు పక్కకి అన్నది కూడా ముఖ్యం. కుడి కంటితో చూస్తుంటే చూపుని వస్తువుకి కుడివైపు నిలపాలి. అప్పుడు వస్తువు ముక్కువైపు పడుతుంది. ఎడమ వైపుకి చూస్తే అది అంధ బిందువు మీద పడే ప్రమాదం ఉంది, ఉన్నదీ పోతుంది. ఎడమ కంటికి దీనికి తిరగేసి.

మూడోది ఓపిక. అన్నిటికన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను. రాత్రికి ఇరవై వస్తువులు చూసేవాళ్ళు ఏదీ చూడరు. ఒకదాని దగ్గర అరగంట కూర్చో. మొదట మచ్చే. కాసేపటికి ఆ మచ్చ గుండ్రంగా లేదని తెలుస్తుంది. ఇంకాసేపటికి మధ్యలో వెలుగు ఎక్కువని, ఒక అంచు చటుక్కున ఆగిపోతోందని తెలుస్తుంది. వివరం ఎప్పుడూ నిలబడి కనిపించదు, క్షణం మెరిసి పోతుంది. అలాంటి క్షణాలు పోగైతేనే చూపు. సంగీతం కొత్తగా వినేవాడికి పాట మాత్రమే వినిపిస్తుంది, వినగా వినగా తంబురా శ్రుతి కూడా విడిగా వినపడుతుంది. ఇదీ అంతే.

ఏదో ఉన్నట్టు, లేనట్టు అనిపిస్తే ట్యూబు మీద వేలితో మెల్లగా తట్టు. కదిలే మసకని కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది. ఊపిరి మాత్రం బిగపట్టకు, చూపు తగ్గుతుంది.

చెరువుగట్టు (భీమవరం)

మేష్టారి మాటకి ఒకటి కలుపుతాను. రాత్రి చూపు పగలే మొదలవుతుంది. పగలంతా చెరువుల మీద తిరిగే పని నాది, నీళ్ళ మీద ఎండ కళ్ళలోకి కొడుతూనే ఉంటుంది. గంటల తరబడి అలాంటి వెలుగులో గడిపితే ఆ రాత్రి కన్ను చీకటికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది, పడినా పూర్తిగా పడదు. టెలిస్కోపు బయట పెట్టాలనుకున్న రోజు నల్ల కళ్ళద్దాలు, అంచులున్న టోపీ లేకుండా గట్టు మీదకి వెళ్ళను. తేడా స్పష్టంగా తెలుస్తుంది.

లైట్ల సంగతి. చెరువుల లైట్లు ఆర్పించలేం, అది రైతు బతుకుతెరువు. మనమే మరుగు కట్టుకోవాలి. రెండు బొంగులు పాతి నల్ల టార్పాలిన్ కడితే సూటిగా కంట్లో పడే లైటు పోతుంది. దానితోపాటు దట్టమైన నల్లగుడ్డ ఒకటి తల మీదనుంచి ఐపీస్ దాకా కప్పుకో. ఉక్కపోస్తుంది, నిజమే. అయినా నా దగ్గరున్న సామానులో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చింది ఇంకోటి లేదు.

వేగుచుక్క (పాలకొల్లు)

క్యారెట్లు తింటే చూపు పెరుగుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తున్నాను. రొడాప్సిన్ తయారవడానికి విటమిన్ ఎ కావాలి, అది లోపిస్తే రేచీకటి వస్తుంది. సరిపడా ఉన్నవాళ్ళు ఇంకా తిన్నందువల్ల అదనంగా ఏమీ రాదు. మునగాకు పప్పు తినండి, రుచి కోసం.

యానాం_దుర్భిణి

రాజోలు తమ్ముడూ, ఎం51ని ఏ ఐపీస్‌తో చూశావు? 25 మి.మీ.తోనే అయ్యుంటుంది. దానితో నీకు వచ్చేది 48 రెట్లు, ఐపీస్ నుంచి కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు 4.2 మి.మీ. 10 మి.మీ.తో 120 రెట్లు, 1.7 మి.మీ.

మసక వస్తువులకి తక్కువ పవరే వాడాలని అందరూ చెప్తారు. నేను ఒప్పుకోను. పవర్ పెంచితే గెలాక్సీ మసకబారుతుంది, నిజమే. దాని వెనక ఆకాశం కూడా అంతే మసకబారుతుంది. రెండిటి నిష్పత్తి మారదు. మారేది సైజు. మసక వెలుతురులో చిన్న మచ్చకన్నా పెద్ద మచ్చని కన్ను సులువుగా పట్టుకుంటుంది. అందుకే 48 దగ్గర వెతికి పట్టుకో, 120 దగ్గర కూర్చుని చూడు. రెండు మచ్చల మధ్య వంతెన లాంటిది ఉందా లేదా అన్న ప్రశ్న 120 దగ్గరే తేలుతుంది.

దక్షిణ_దిక్కు (నరసాపురం)

యానాం అన్నా, చిన్న గెలాక్సీలకి మీ మాట నిజం. ఆండ్రోమెడా లాంటి పెద్దవాటికి కుదరదు. 120 దగ్గర అది ఫీల్డు (ఐపీస్‌లో కనిపించే గుండ్రం) దాటిపోతుంది, చుట్టూ చీకటి కనిపించకపోతే అంచు ఎక్కడో తెలియదు.

నా అసలు మాట వేరే. తమ్ముడు చూసే పద్ధతి కన్నా ముందు ఎంచుకున్న వస్తువు గురించి మాట్లాడుకోవాలి. ఎం51 సాయంత్రం పూట ఎత్తులో ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు మన దగ్గర ఉక్క, గాలినిండా తేమ. వీధిలైటు వెలుగంతా ఆ తేమలో పరుచుకుని ఆకాశం బూడిదరంగులో ఉంటుంది. మసక గెలాక్సీ మీద కన్ను సాధన చేయడానికి మనకి అంతకన్నా కష్టమైన కాలం లేదు. మన దగ్గర ఆకాశం కడిగినట్టు ఉండేది కార్తీకంలో, వాయుగుండం దాటిపోయి వాన వెలిసిన రాత్రుల్లో. ఆ రోజుల్లో తొమ్మిది, పది గంటలకి దక్షిణాన ఎన్‌జీసీ 253 ఉంటుంది. 1783లో కరోలిన్ హెర్షెల్ కనిపెట్టిన గెలాక్సీ. డిక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి ఎంత దూరమో చెప్పే కోణం) మైనస్ 25, అంటే మనకి 48 డిగ్రీల ఎత్తు, కొబ్బరి చెట్ల పైన. పొడుగ్గా, గరుకు గరుకుగా ఉంటుంది. చుట్టూ కలియజూస్తే ఆ గరుకుతనం బయటపడుతుంది. అక్కడ మొదలుపెట్టు. వరి కోతలయ్యి గడ్డి కాల్చే రోజులు మొదలైతే పొగ వచ్చేస్తుంది, ఈలోపే చూడాలి.

ఏప్రిల్, మే నెలలకి మన ఆస్తి వేరే ఉంది. చిత్త నక్షత్రం దక్షిణాన అత్యంత ఎత్తుకి వచ్చినప్పుడు దాని కింద నిలువుగా దిగు. మొదట కాస్త తూర్పుగా ఎం83 గెలాక్సీ. ఇంకా దిగితే 30 డిగ్రీల ఎత్తులో ఎన్‌జీసీ 5128, నడుముకి నల్లటి పట్టీ ఉన్న గెలాక్సీ. ఇంకో నాలుగు డిగ్రీలు దిగితే ఒమేగా సెంటారి, నక్షత్రాల పెద్ద గుంపు. ప్రాచీన ఖగోళవేత్త టోలెమీ దాన్ని నక్షత్రమని జాబితాలో రాశాడు. 1677లో ఇంగ్లీషు ఖగోళవేత్త హేలీ సెయింట్ హెలీనా దీవినుంచి చూసి మామూలు నక్షత్రం కాదని గుర్తించాడు. మనకి 26 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. లండన్ వాళ్ళకి అసలు ఉదయించదు. 8 అంగుళాల్లో 120 రెట్ల దగ్గర అది ఇసుక చల్లినట్టు చుక్కలుగా విడిపోతుంది. ఎం51 కోసం అన్ని రాత్రులు బాధపడినవాడు దీన్ని చూడకుండా ఉంటే నాకు కష్టంగా ఉంటుంది. సముద్రం వైపు దక్షిణం ఖాళీగా ఉండే చోటు చూసుకో. అంతర్వేది నీకు దగ్గరే కదా.

రాజోలు_రాత్రి

అందరికీ ధన్యవాదాలు. మేష్టారూ, నాకో అనుమానం. గుడ్డ కప్పుకుని ఎం51 దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పెద్ద మచ్చ చుట్టూ ఒకవైపు వంపు తిరిగినట్టు అనిపించింది. కానీ ఫొటో ముందే వందసార్లు చూసి ఉన్నాను కదా. నిజంగా కనిపించిందా, మనసే గీసుకుందా? ఎలా తెలుసుకోవాలి?

ఏటిగట్టు_మేష్టారు (అమలాపురం)

చాలా మంచి ప్రశ్న. ఈ ప్రశ్న అడగని పరిశీలకుడి మాట నేను నమ్మను.

అంగారకుడి కాలువల కథ నీకు తెలిసే ఉంటుంది. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి గ్రహం మీద సన్నని గీతలు చూశానన్నాడు. 1894లో లోవెల్ అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో అబ్జర్వేటరీయే కట్టి ఏళ్ళ తరబడి వాటి పటాలు గీశాడు. ఇద్దరూ అబద్ధాలకోరులు కాదు, ఇద్దరివీ పదునైన కళ్ళే. చూపు అంచుమీద ఉన్న చెదురుమదురు మరకల్ని కన్ను, మెదడు కలిసి గీతలుగా కలిపేశాయి. 1909లో ఆంటోనియాడి ఫ్రాన్స్‌లోని మ్యూడాన్‌లో 83 సెం.మీ. టెలిస్కోపుతో, గాలి నిలకడగా ఉన్న రాత్రి చూస్తే గీతలు లేవు. వాటి చోట ఆకారంలేని మరకలు, ఛాయలు కనిపించాయి. గాలి నిలకడకి ఇప్పటికీ మనం వాడే ఒకటి నుంచి ఐదు దాకా కొలత కూడా ఆయన పేరు మీదే ఉంది.

అందుకని నా పద్ధతి ఇది. ఇంతవరకు ఫొటో చూడని వస్తువుని ఎంచుకో. పేరు, చోటు, సుమారు సైజు మాత్రం తెలుసుకో. తెల్ల కాగితం మీద అరచేతి వెడల్పున గుండ్రం గీసి, ముందు ఫీల్డులోని చుక్కల్ని వాటి స్థానాల్లో పెట్టు. తర్వాత మసకని 2బీ పెన్సిల్‌తో రాసి వేలితో అద్దు. చుక్కల ఆధారం ఉంటే ఆకారం తప్పదు. ప్రతి వివరం పక్కన ఖాయమా, అనుమానమా అన్నది అక్కడికక్కడే రాయి. పొద్దున లేచి రాస్తే అన్నీ ఖాయమైపోతాయి. మరో రాత్రి పాత బొమ్మ చూడకుండా మళ్ళీ గీయి. రెండిట్లోనూ ఒకే చోట ఒకే వంపు ఉంటే, అప్పుడు ఫొటో తీసి పోల్చు.

బొమ్మ అందంగా రానక్కర్లేదు. గీయడం మొదలుపెట్టగానే, ఈ చుక్క ఆ చుక్కకి ఎంత దూరం, ఈ అంచు ఎటు వాలింది అని కన్ను తనంతట తాను వెతకడం మొదలుపెడుతుంది. లాభమంతా అక్కడే.

ఎం51 బొమ్మలో ఆ వంపు పక్కన ప్రస్తుతానికి ‘అనుమానం’ అని రాసిపెట్టు.

ఉప్పాడ_అల (కాకినాడ)

నాది వేరే అభిప్రాయం, ఎవరూ నొచ్చుకోవద్దు. నా దగ్గర స్మార్ట్ టెలిస్కోపు (తనే ఫొటో తీసి ఫోనుకి పంపేది) ఉంది. వీధిలైట్ల మధ్య బాల్కనీలో పెట్టినా కొద్ది నిమిషాల్లో ఎం51 చేతులు ఫోనులో కనిపిస్తాయి. మా అమ్మగారికి శుక్లాల ఆపరేషను అయింది, ఆవిడ ఐపీస్‌లో ఏమీ చూడలేరు. ఫోనులో గెలాక్సీ చూసి ఎంతో సంతోషించారు. తేమలో గుడ్డ కప్పుకుని అరగంట కూర్చుని ‘అనుమానం’ అని రాసుకోవడం ఎందుకో నాకు నిజంగా అర్థం కావడం లేదు.

వేగుచుక్క (పాలకొల్లు)

అమ్మగారికి చూపించడం గొప్ప విషయం, అందులో వాదం లేదు. కానీ తమ్ముడు అడిగింది గెలాక్సీ ఎలా ఉంటుందని కాదు, తన కన్ను ఎంతవరకు వెళ్తుందని. రెండూ వేరు. ఇంకోటి, కెమెరాకి కష్టమై కంటికి తేలికయ్యేవీ ఉన్నాయి. ఒరియన్ నెబ్యులాలో నడిమి నాలుగు చుక్కలూ, చుట్టూ పరుచుకున్న మసక రెక్కలూ కన్ను ఒకేసారి చూస్తుంది. ఫొటోలో రెక్కలు రావాలంటే చాలాసార్లు నడిమి భాగం తెల్లగా కాలిపోతుంది. గాలి నిలబడ్డ రాత్రి ఆ నాలుగింటి పక్కన ఇంకో రెండు చిన్న చుక్కలు దొరుకుతాయేమో చూడు తమ్ముడూ. అవి 11వ మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) దరిదాపుల్లో ఉంటాయి.

టెలిస్కోపు లేని రాత్రులకి నేను చేసేది చెప్తాను. చలనక్షత్రాల వెలుగు అంచనా. పెర్సియస్ నక్షత్రమండలంలో ఆల్గాల్ అనే చుక్క ఉంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు 2.1 నుంచి 3.4కి పడిపోయి మళ్ళీ లేస్తుంది. తగ్గడానికి సుమారు 5 గంటలు, పెరగడానికి 5 గంటలు. పక్కన మాగ్నిట్యూడ్ తెలిసిన చుక్కలతో పోల్చి, దీనికన్నా తక్కువ, దానికన్నా ఎక్కువ అని లెక్కవేయాలి. గామా ఆండ్రోమెడా 2.1, ఎప్సిలాన్ పెర్సియై 2.9. పిల్లలతో డాబా మీద కూర్చుని చేస్తాం, ఎవరి అంచనా వాళ్ళు వేరే కాగితం మీద రాసుకుంటారు. మొదట్లో అర మాగ్నిట్యూడ్ తేడా వచ్చేది, ఇప్పుడు బాగా దగ్గరపడింది. ఎర్రటి చుక్కలతో మాత్రం జాగ్రత్త. ఆర్ద్ర లాంటిదాన్ని తదేకంగా చూసేకొద్దీ ఇంకా వెలుగు ఉన్నట్టు అనిపిస్తుంది, చటుక్కున చూసి చూపు తిప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర 1.6 దాకా పడిపోయినప్పుడు ఆ తేడా తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేకపోయింది.

దక్షిణ_దిక్కు (నరసాపురం)

వేగుచుక్క అక్క చెప్పిన మాగ్నిట్యూడ్ లెక్కకి ఇప్పటి రూపం ఇచ్చిన నార్మన్ పోగ్సన్ 1861 నుంచి మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేశాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మచిలీపట్నం వచ్చాడు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ ఉన్నాడు. సూర్యుడి అంచు జ్వాలల గీతలు స్పెక్ట్రోస్కోపులో (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) అంత ప్రకాశంగా కనిపించేసరికి, గ్రహణం లేకుండానే ఇవి దొరకాలి అనుకుని మర్నాడు మళ్ళీ చూశాడు. దొరికాయి. కన్ను పెట్టి చూస్తూ ఆలోచించినవాడికి తట్టిన మాట అది.

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పాలి. విశాఖపట్నంలో 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు సొంత అబ్జర్వేటరీ పెట్టారు. తర్వాత దాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఆయన 6 అంగుళాల టెలిస్కోపుతో చూసి సమయాలు నమోదు చేశారు. తమ్ముడూ, నీది అంతకన్నా పెద్దది.

చెరువుగట్టు (భీమవరం)

కుర్చీ గురించి ఎవరూ చెప్పలేదు. నిలబడి వంగి చూస్తే నడుం మీదే ధ్యాస ఉంటుంది. ఎత్తు మార్చుకునే స్టూలు తీసుకో, కూర్చుని చూస్తే మసక వస్తువులు నిజంగానే ఎక్కువ దొరుకుతాయి.

మంచు కాలంలో ఐపీస్ చెమ్మగిల్లితే గుడ్డతో తుడవకు, గీతలు పడతాయి. రెండో ఐపీస్‌ని జేబులో వెచ్చగా ఉంచి మార్చుకుంటూ ఉండు. దోమల క్రీము రాసుకున్న చేత్తో లెన్సు ముట్టుకోవద్దు. గట్టు మీదకి వెళ్తే బూట్లు, ఎర్ర టార్చి తప్పనిసరి. గడ్డిలో పాములుంటాయి, కన్ను చీకటికి అలవాటు పడింది కదా అని కాళ్ళకింద చూడకుండా నడవకూడదు.

రాజోలు_రాత్రి

కార్తీకానికి ఎన్‌జీసీ 253, వేసవికి ఒమేగా సెంటారి రాసుకున్నాను. చివరిగా ఒకటి. జ్యేష్ఠ నక్షత్రానికి పక్కనే తోడు చుక్క ఉందని చదివి ప్రయత్నించాను. మేలో, రాత్రి పదకొండుకి, డాబా మీదనుంచి. జ్యేష్ఠ మంటలా ఉడుకుతూ కనిపించింది తప్ప రెండో చుక్క జాడ లేదు. ఇది కంటి అలవాటా, గాలా?

యానాం_దుర్భిణి

గాలి. ఇంకా చెప్పాలంటే మీ డాబా. మే నెల ఎండకి కాలిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, నువ్వు ఆ వేడిగాలిలోంచి చూస్తున్నావు. అదే టెలిస్కోపుని దొడ్లో మట్టి మీద, వీలైతే గడ్డి మీద పెట్టు. అద్దం చల్లబడటానికి గంట ముందే బయట ఉంచు. అద్దాల అమరిక సరిగ్గా ఉందో లేదో ప్రకాశవంతమైన చుక్కని ఫోకస్ తప్పించి చూసుకో. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి.

చూడవలసిన వేళ కూడా వేరు. ఫాల్గుణంలో, మార్చి రెండోవారం దరిదాపుల్లో, తెల్లవారుజామున ఐదు దాటాక జ్యేష్ఠ దక్షిణాన 47 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అప్పటికి నేల చల్లబడి ఉంటుంది. మన డెల్టాలో కాస్త మంచుపొర ఉన్న వేకువల్లో గాలి చాలాసార్లు కదలకుండా నిలబడుతుంది. గెలాక్సీలకి పనికిరాని ఆకాశం జంట నక్షత్రాలకి, గ్రహాలకి భలే పనికొస్తుంది. తూర్పు తెలవారుతున్నప్పుడు చూడు, వెనక ఆకాశం వెలుగెక్కితే జ్యేష్ఠ మిరుమిట్లు తగ్గుతాయి. 10 మి.మీ.కి బార్లో (పవర్ రెట్టింపు చేసే లెన్సు) తగిలించి 240 రెట్లు పెట్టు. రెండిటి మధ్య దూరం సుమారు 2.7 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), నీ 8 అంగుళాలకి అది పెద్ద దూరమేమీ కాదు. కష్టమంతా జ్యేష్ఠ వెలుగుతోనే.

ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. టెలిస్కోపుని కదపకుండా వదిలేస్తే జ్యేష్ఠ ఫీల్డులో ఏ వైపుకి జారిపోతుందో అదే పడమర. తోడు చుక్క ఆ పడమటి వైపే ఉంటుంది, జ్యేష్ఠకన్నా ముందు నడుస్తూ. చాలామందికి అది ఆకుపచ్చగా అనిపిస్తుంది, జ్యేష్ఠ ఎరుపు పక్కన ఉండటం వల్ల. నీకు ఏ రంగు కనిపించిందో ఇక్కడ రాయి.